శబరి మడుగులో దొరికిన తుపాకి

కోంట రేవు నుంచి ఎర్రబోరు దాకా ఏ అరుగు మీద కూర్చుని అడిగినా ఒకటే కథ చెబుతారు. సీతారాములును చంపినవాడు ఎర్రయ్య. రేవు గట్టు మీద, పట్టపగలు, తన జంట గొట్టాల తుపాకిని రెండు గొట్టాలూ వెంటవెంటనే పేల్చి చంపాడు. పొగ విడిపోకముందే ఆ తుపాకిని శబరి మడుగులోకి విసిరేశాడు. చెప్పేవారిలో సగం మంది అప్పటికి పుట్టనైనా లేదు. అయినా పొగ ఏ రంగులో లేచిందో, సీతారాములు ఏ పక్కకు ఒరిగాడో కళ్ళతో చూసినట్టు వర్ణిస్తారు. వీరిని అబద్ధాలకోరులనడం న్యాయం కాదు. విన్నమాటను పరీక్షించి చూడవలసిన అవసరం ఎవరికీ రాలేదు, అంతే. వచ్చినా, పరీక్షించవలసిన వస్తువు నది అడుగున, బురదలో ఉంది.

ఈ వేసవిలో శబరి బాగా తగ్గింది. మడుగులో కోస అనే దోర్ల తెగ జాలరి వేసిన వలకు చేపలకు బదులు ఒక ఇనుప కట్టె తగిలింది. అది ఎర్రయ్య తుపాకి అని రేవు రేవంతా గుర్తుపట్టింది. ఎర్రయ్య జగదల్‌పూర్ జైలులోనే ఏనాడో పోయాడు. అతని భార్య సోమమ్మ, కొడుకు రామనర్సయ్య అది తమదన్నారు. సీతారాములు తమ్ముడు వెంకటనారాయణ అది తన అన్న నెత్తురు తాగిన తుపాకి గనుక తనకే చెందాలన్నాడు. తగవు ఠాణాకు ఎక్కింది. ఠాణేదారు ఆలోచించి ఒక దారి చెప్పాడు: బాగుచేస్తే పేలేటట్టయితే అది ఆయుధం, ఆయుధానికి రాజ్యం పరవానా, అంటే అనుమతి పత్రం, ఉండాలి, పరవానా ఉన్నది వెంకటనారాయణకు. బాగుపడనిదైతే అది ఉత్త ఇనుము. ఇనుము సొంతదారు ఇంటికి పోతుంది. ఆ సంగతి తేల్చడానికి జగదల్‌పూర్ పంపుదామని ఠాణేదారు అంటూ ఉండగానే సోమమ్మ లేచి నిలబడి అందరినీ నివ్వెరపరచింది.

"అంత దూరం ఎందుకు సాబ్? రాజు తుపాకులకు ఇన్నేండ్లు మరమ్మతు చేసిన మొనగాడు ఇక్కడే ఉన్నడు గద. ఆయన్నే చెప్పమను. ఆయన నోటితోనే చెప్పమను."

ఆమె వేలు వెంకటనారాయణ వైపే చూపిస్తోంది. ఆ రోజుకు తగవు అక్కడ ఆగింది.

వెంకటనారాయణ కాదనలేదు. రాజావారి ఆయుధశాలలో ఉద్యోగం చేసి విరమించిన మనిషి. తన చేతి మీదుగా వెళ్ళిన తుపాకి గురించి తాను చెప్పిన మాట తప్పని ఎవరూ అనలేదన్నది ఆయనకున్న ఒకే ఒక్క గర్వం. మర్నాడు పొద్దున్నే తోలుసంచి చంకన పెట్టుకుని ఠాణా వరండాకు వచ్చాడు. బల్ల మీద గోనెపట్టా పరిచాడు. ఆకురాయి, రాగి పైసా, ఇప్పనూనె డబ్బా, జనపనార, గజం ఒక్కొక్కటీ తీసి వరసగా పెట్టుకున్నాడు. గజమంటే గొట్టంలో మందును కూరే పొడుగాటి కడ్డీ. సోమమ్మ స్తంభానికి ఆనుకుని నేల మీద కూర్చుంది. రామనర్సయ్య చేతులు కట్టుకుని ఆమె వెనుక నిలబడ్డాడు. మెట్ల మీద, చెట్టు కింద, గోడ పొడుగునా జనం.

"మంచిగ చూడు తమ్మీ," అన్నది సోమమ్మ.

"తమ్మీ అనకు." వెంకటనారాయణ తల ఎత్తలేదు. "ఆ వరస మా అన్నతోనే కాలిపోయింది."

"వరసలు కాలుతయా? కాలేది మనిషి. మా ఆయనకు అదీ లేకపాయె. వానకాలమని, ఏర్లు పొంగినయని శవాన్ని పంపలే. ఆడనే ఏడనో పూడ్చిన్రట."

"జైల్లో పోయినోణ్ణి పల్లకీలో పంపుతారా?"

రామనర్సయ్య ఒక అడుగు ముందుకు వేశాడు. ఠాణేదారు కుర్చీలోంచి చేయి ఊపాడు. "బస్, బస్. ఇది ఠాణా. ఝగడా బయట."

"ఝగడా కాదు సాబ్, ఉన్నమాట చెప్త," అన్నాడు రామనర్సయ్య. "ఇది ఇనుమని తేలనీ. రేవు కాడ కట్టెలు పేర్చి పెట్టిన. దీన్నే మా నాయిన లెక్క పండబెట్టి ఇయ్యాల్నే కొరివి పెడ్త. కొడుకు చేతి నిప్పు ముట్టకుండ పోయిండు ఆయన. ఆ బూడిద, ఈ ఇనుము కలిపి మా చేన్ల పూడుస్త. మా అమ్మ కండ్లు మూయకముందు అది జరగాలె."

"నేను కూడా ఉన్నమాటే చెప్తున్నా," అన్నాడు వెంకటనారాయణ, రాగి పైసాను వేళ్ళ మధ్య తిప్పుతూ. "ఇది తుపాకి అని తేలనీ. మా గుమ్మం మీదికి ఎక్కుతుంది. మీ ఇంటోళ్ళు రేవుకు పోతా వస్తా దీన్ని చూడాల. మా అన్న తద్దినం నాడు ఏటేటా గాలిలోకి పేలుస్తా. ఆ చప్పుడు మీ పొయ్యికాడికి వినపడాల."

"పేల్చు, పేల్చు. గట్టిగ పేల్చు. నాకు చెవుడొచ్చింది," అన్నది సోమమ్మ. మెట్ల మీద ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు.

వెంకటనారాయణ గోనెపట్టా మీద ఉన్నదానిని తన వైపు తిప్పుకున్నాడు. మొదటి చూపుకు అది తుపాకి అని చెప్పడం కష్టమే. కట్టె పిడి నానిపోయి, చెదురుముదురుగా రెండు పేళ్ళు మాత్రం మేకులకు వేలాడుతున్నాయి. మందును రగిలించే ఘోడాలు రెండూ రాళ్ళకు తగిలి విరిగిపోయాయి. గొట్టాల పైన తుప్పు చెట్టు బెరడు మాదిరిగా పొరలు కట్టి ఉంది. సాధారణ జనం దృష్టిలో ఇక చూడవలసింది ఏమీ లేదు. కాని తుప్పు పైకి కనిపించేంత లోతుగా ప్రతిసారీ ఉండదు. ఒక్కొక్కప్పుడు కనిపించేదానికంటె లోతుగా ఉంటుంది. ఎక్కడ ఎంత అన్నది గీకి చూస్తే తప్ప తెలియదు.

ఇప్పనూనె పోసి రాగి పైసా అంచుతో గీకసాగాడు. రాగి ఇనుముకంటె మెత్తన గనుక తుప్పును లేపుతుంది, లోహాన్ని గీరదు. గొట్టాల మొదటి భాగంలో పొర ఊడివచ్చింది. దాని కింద నల్లని ఇనుము, ఇనుములో సన్నని మెలికలు కనిపించాయి. వేర్వేరు రకాల ఇనుప పట్టీలను కలిపి తాడులా పేని, కాల్చి సాగగొట్టి చేసిన గొట్టాలవి. అలాంటి పనితనం ఇప్పుడు ఎక్కడా లేదు. ఆయన వేలు తనకు తెలియకుండానే ఆ మెలికల వెంట సాగింది.

ఈ మెలికలను ఆయన మొదటిసారి చూసినది ఈ నది ఇసుకలోనే. మీసాలు మొలుస్తున్న రోజులు. "పట్టుకో బామ్మర్దీ, కరవదు," అని వరస కలిపి ఈ తుపాకిని చేతిలో పెట్టినవాడు ఎర్రయ్యే. ఆయుధశాలలో ఉద్యోగానికి పోయే ముందు తుపాకి విప్పడం, కడగడం, మళ్ళీ బిగించడం నేర్పినవాడూ అతడే. వెంకటనారాయణ వేలు తీసేసుకుని ఆకురాయి అందుకున్నాడు.

గొట్టాల కొస దగ్గర ఆకురాయి పెట్టగానే గోడ చిల్లుపడింది. అక్కడి ఇనుము తునికాకు మందం కూడా మిగలలేదు.

"అయిపాయె," అన్నాడు రామనర్సయ్య. "జల్లెడ. బియ్యం జల్లించుకో దాంతోని."

"ఆగవయ్యా. కొస సంగతి ఎవరికి కావాలి? కొస కోసేస్తాం. మందు పేలేది మొదట్లో. అక్కడ గోడ నిలిచిందా లేదా అన్నదే లెక్క. ఇక్కడ చూడు, వేలెడు దళసరి. జానెడు కోసేసి, కొత్త ఘోడాలు, కొత్త పిడి వేస్తే..."

"మనిషి తలకాయ తీసి కొత్తది పెడ్తనంటవు. ఇగ అది ఆ మనిషేనా?"

ఠాణేదారుకు ఈ ప్రశ్న నచ్చినట్టుంది. నవ్వు దాచుకోవడానికి మీసం దువ్వుకున్నాడు. వెంకటనారాయణ చెవులు ఎర్రబడ్డాయి. గొట్టాలను జనపనార తాడుతో కట్టి వరండా వాసానికి వేలాడదీశాడు. లోహం లోపల చీలికలు లేకపోతే, రెండు గొట్టాలను కలిపిన అతుకు చెడకపోతే, కట్టెముక్కతో కొట్టినప్పుడు అవి గంటలా చాలాసేపు మోగుతాయి. చెడితే చప్పుడు పుట్టిన చోటే చస్తుంది. జనం కూడా నోళ్ళు మూసుకున్నారు. ఆయన కొట్టాడు.

దబ్బుమన్నది. అంతే.

"మా ఇంట్ల పగిలిన కుండ ఇంకా మంచిగ మోగుతది," అన్నది సోమమ్మ.

"బురద పట్టి ఉంది లోపల. బురద తీయకుండా ఎట్లా మోగుతుంది?"

"మోగితే తుపాకి. మోగకపోతే బురద. నీకు రెండు దిక్కుల గెలుపేనాయె."

మాట సూటిగా తగిలింది. అందులో నిజముందని ఆయనకు తెలుసు గనుకనే తగిలింది. ఈ పనిలో ఆయన ఇంతవరకు కోరికతో కొలత వేసినవాడు కాడు. "బురద తీశాక మళ్ళీ కొడతా," అన్నాడు గొంతు తగ్గించి. "అప్పుడూ మోగకపోతే నేనే ఇనుమంటా. ఇంతమంది సాక్షి."

గొట్టాలను దింపి, నీళ్ళు పోసి బురద నానబెట్టాడు. ఆ ఖాళీ దొరకడమే ఆలస్యం, బుధ్రా కర్ర పోటేసుకుని మెట్లెక్కాడు. ఆ రోజుల్లో రేవు పడవ నడిపినవాడు. అతని సాక్ష్యం మీదనే ఎర్రయ్యకు శిక్షపడింది. అప్పటినుంచి ఆ సాక్ష్యాన్ని ఏ జాతరలో అడిగినా వినిపిస్తూనే ఉన్నాడు.

"ఇదే సాబ్, ఇదే తుపాకి. నేను నడి ఏట్ల ఉన్న. ధన్, ధన్! రెండు చప్పుళ్ళు. తిరిగి చూస్తే గట్టు మీద పొగ. పొగల ఎర్రయ్య. పొగ పోనేలేదు, గిర్రున తిప్పి ఇసిరిండు. నా పడవ పక్కన్నే పడ్డది. నీళ్ళు నా మొకం మీద చిందినయ్."

"పేల్చుడు చూసినవా బుధ్రా?" అని అడిగింది సోమమ్మ.

"చెప్తి గద. చప్పుడు ఇన్న. పొగ చూసిన."

"నేను అడిగేది పేల్చుడు."

"పొగల మనిషిని చూసిన తల్లీ! చేతిల తుపాకిని చూసిన! ఇంకేం చూడాలె, గుండు ఎగిరిపోవుడు చూడాల్నా?"

జనం ఘొల్లుమన్నారు. సోమమ్మ ముఖం తిప్పుకుంది. "జగదల్‌పూర్‌లో తేలిపోయినదాన్ని ఇక్కడ తవ్వకు," అన్నాడు వెంకటనారాయణ కటువుగా. "బురద తవ్వడానికే పొద్దు చాలదు."

కడ్డీకి జనపనార చుట్టి గొట్టాల్లో ఆడించసాగాడు. మొదట ఇసుక, తరవాత జిగురు బంకమన్ను, నత్తగుల్లలు, కుళ్ళిన ఆకు. ముంతలకొద్దీ నీళ్ళు పోసి కడిగాడు. మెల్లమెల్లగా నీళ్ళు తేటగా రావడం మొదలుపెట్టాయి. ఎడమ గొట్టంలో గజం ఆగినచోట బొటనవేలితో గుర్తు పట్టి, బయటికి తీసి, గొట్టం పైనే ఆనించి చూశాడు. కడ్డీ కొస గొట్టం అడుగుదాకా రాలేదు. బెత్తెడు తక్కువైంది.

ఇంకా బురద ఉందనుకున్నాడు. మళ్ళీ దించి ఒత్తాడు. బురద అయితే జారాలి. రాయి అయితే కరకరలాడాలి. ఇది ఒత్తితే కొద్దిగా అణిగింది. వదిలితే కడ్డీని కొద్దిగా పైకి నెట్టింది.

ఆయన అరచేయి ముందుగా తెలుసుకుంది. మనసుకు అది చేరడానికి కొంత సమయం పట్టింది. కుడి గొట్టంలో దించాడు. అక్కడా ఆగింది. గుర్తు పట్టి తీసి చూశాడు. అక్కడా అదే బెత్తెడు. బురద కొలత చూసుకుని ఆగదు.

ఆయుధశాలలో ప్రతి కొత్తవాడికీ మొట్టమొదట నేర్పే పని ఒకటుంది. ఏ తుపాకి చేతికి వచ్చినా, తుప్పు చూడకముందు, పిడి చూడకముందు, గజం దించి లోపల మందు ఉందేమో చూడాలి. ఆయనే ఎందరికో నేర్పాడు. మరిచినవారిని చెవి మెలిపెట్టి మరీ నేర్పాడు. ఈ రోజు ఆ పని ఆయన చేయలేదు. మరిచిపోయి కాదు. ఈ తుపాకికి ఆ పరీక్ష అక్కరలేదని ఆయనకు తెలుసు. కోంటలో అందరికీ తెలుసు.

"క్యా హువా?" అన్నాడు ఠాణేదారు. "ఫైసలా చెప్పు. మోగుతుందా, మోగదా?"

వెంకటనారాయణ గజం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తెలిసినది తనకొక్కడికే. ఇప్పుడు 'పనికివస్తుంది' అంటే రేపు దీనిని విప్పి బాగుచేయాలి, లోపలిది బయటపడుతుంది. 'పనికిరాదు' అంటే ఇనుము సోమమ్మ చేతికి పోతుంది. ఆమె ఏడుస్తుంది, దండం కూడా పెట్టవచ్చు. ఇది చేనులో పూడుతుంది. అన్నను చంపినవాడు ఎవడో తెలిసిన మనిషిగా తాను మిగిలిన రోజులు వెళ్ళదీయవచ్చు. ఇంత సుఖమైన మాట ఆయన నోటిదాకా ఎన్నడూ రాలేదు.

"ఏంది, నోరు పడిపోయిందా?" అన్నాడు రామనర్సయ్య. "పనికిరాదనేటందుకు నాలిక తిరుగుతలేదా?"

"పనికిరాదు," అన్నాడు వెంకటనారాయణ.

జనంలోంచి ఒక నిట్టూర్పు లేచింది. ఠాణేదారు ఆశ్చర్యంతో కుర్చీలో ముందుకు వంగాడు. సోమమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో అన్నది, ఎవరికీ వినిపించలేదు. రామనర్సయ్య గొట్టాలను రెండు చేతులతో ఎత్తి, పసిబిడ్డను పట్టినట్టు రొమ్ముకు ఆనించుకున్నాడు.

"నడువమ్మా. కట్టెలు ఎండి ఉన్నయి. జర్రసేపట్ల అంటుకుంటయి."

అతను మెట్ల దాకా వెళ్ళాడు. రేవు దగ్గర చితి పేర్చి ఉంది. దాని మీద ఈ గొట్టాలు, పక్కనే కొరివి పట్టుకుని ఈ మనిషి, అతని వెనుక ఆ ముసలిది. నీళ్ళలో ఇన్నేళ్ళు నానిన మందులో సూరేకారం కరిగిపోయి ఉండవచ్చు. సూరేకారం పోతే మిగిలిన బొగ్గూ గంధకమూ పేలవు. ఉండవచ్చు. బంకమన్ను బిగిసి నీళ్ళను ఆపి ఉంటే కరగకపోనూవచ్చు. చూడకుండా ఎవరు చెప్పగలరు?

"ఆగు. దాన్ని నిప్పులో పెట్టొద్దు."

రామనర్సయ్య గిర్రున తిరిగాడు. "నాకు తెలుసు. ఇంత తేలిగ్గ ఇడుస్తవా నువ్వు? ఇనుమంటివి గద, ఇంతమందిల అంటివి గద. మాట మారుస్తవా?"

"మాట మార్చడం లేదు. ఇటు తే."

"తేను. మా నాయినకు ఇన్నేండ్లకు నిప్పు దొరికింది. దాన్ని గూడ ఓర్వలేకపోతున్నవా? నువ్వు మనిషివేనా?"

"ఒరే, చస్తావురా!" అని అరిచాడు వెంకటనారాయణ. ఆ ఇంటివాళ్ళను ఆయన ఒరే అన్నది ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. అంత చనువుగా వారితో మాట్లాడి ఎన్నేళ్ళయిందో. సోమమ్మ తల ఎత్తి ఆయన ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇయ్యి బిడ్డా," అన్నది. "ఏందో చూపెడ్తడట. చూద్దాం."

వెంకటనారాయణ గొట్టాలను గోనెపట్టా మీద పెట్టి, గజం కొసకు మెలికలు తిరిగిన ములుకును బిగించాడు. ఎడమ గొట్టంలోకి దించి మెల్లగా తిప్పాడు. ములుకు రెండుసార్లు జారింది. మూడోసారి పట్టింది. లాగాడు. నల్లగా నానిన పీచు ఉండ ఒకటి ములుకుకు గుచ్చుకుని వచ్చింది. గొట్టాన్ని వంచి తట్టాడు. తెల్లని పొర కట్టిన సీసపు గుళ్ళు గోనెపట్టా మీదికి దొర్లాయి. కొన్ని బల్ల దాటి నేల మీద పడి మెట్ల వైపు పరుగెత్తాయి. వాటి వెనుక ఇంకొక పీచు ఉండ, దాని వెనుక ముద్దగా నల్లటి మందు వచ్చాయి. గంధకం వాసన వరండా అంతటా కమ్ముకుంది.

కుడి గొట్టం కూడా అలాగే విప్పాడు. అలాగే వచ్చింది.

ఠాణేదారు ఒక సీసపు గుండును వేళ్ళతో నలిపి చూశాడు. "ఇది ఏమిటి, వెంకటనారాయణ్‌జీ? దీని మతలబు ఏమిటి?"

వెంకటనారాయణ కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకోలేదు.

"మందు, గుళ్ళు. రెండు గొట్టాల్లోనూ కూరినవి కూరినట్టే ఉన్నాయి. పొగ పోకముందే మళ్ళీ కూరడం ఎవరి వల్లా కాదు. ఈ తుపాకి ఆ రోజు పేలలేదు."